మూత్రాశయం తీసే ముందు కీమో ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 63, బరువు 62 కిలోలు. కందుకూరు ప్రాంతంలో మాది పొగాకు సేద్యం. ఆయనకు కుర్రతనం నుంచి చుట్ట అలవాటు ఉంది. ఏడాది క్రితం మూత్రంలో నొప్పి లేకుండా రక్తం పడితే వేడి చేసిందనుకుని ఊరుకున్నాం. మళ్లీ మళ్లీ పడుతుంటే పరీక్షలు చేయించాం. మూడు వారాల క్రితం మూత్రమార్గం గుండా గొట్టం పంపి గడ్డను గీకి తీశారు. క్యాన్సర్ కండర పొరలోకి వెళ్లిందని బయాప్సీలో వచ్చింది. సీటీ స్కాన్‌లో వేరేచోటికి పాకినట్టు లేదు గాని కుడి కిడ్నీ వాచిందన్నారు. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.5 ఉంది. మూత్రాశయం మొత్తం తీసేయాలని, అంతకుముందు నాలుగు విడతల కీమో ఇవ్వాలని వైద్యులు అంటున్నారు. మా బాబాయి మాత్రం ‘గడ్డను లోపల పెట్టుకుని మూడు నెలలు కూర్చోవడం ఏమిటి, ముందు తీయించండి, అవసరమైతే కీమో తర్వాత చూసుకుందాం’ అని పట్టుబడుతున్నారు. కీమోతో గడ్డ కరిగిపోతే అసలు మూత్రాశయం తీయనక్కర్లేదేమో అని మా అమ్మ ఆశ. ఏది సరైన దారో చెప్పగలరు. – ఒక కుమార్తె

సమాధానం: అమ్మా, మీ వైద్యులు చెప్పిన వరస సరైనదే. క్యాన్సర్ కండర పొరలోకి వెళ్లి, ఇతర అవయవాలకు పాకిన జాడ లేనప్పుడు, సిస్‌ప్లాటిన్ అనే మందుతో కూడిన కీమో ముందు ఇచ్చి ఆ తర్వాత మూత్రాశయాన్ని తీయడమే చాలాకాలంగా నిలిచిన పద్ధతి. అయితే మీ లేఖలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన మాట కీమో గురించినది కాదు, వాచిన కిడ్నీ గురించినది. దాని సంగతి ఈ వారంలోనే తేల్చుకోవాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు మీ బాబాయిగారి మాట. ఆయన భయం కొట్టిపారేయదగినది కాదు. ఈ జబ్బు బయటపడ్డాక ఏ చికిత్సా లేకుండా పన్నెండు వారాలు దాటితే ఫలితాలు చెడుతున్నాయని అనేక అధ్యయనాలు చూపాయి. కానీ అవి ఆపరేషన్ కోసం ఊరికే ఎదురుచూస్తూ గడిపినవారి లెక్కలు. కీమో జరుగుతున్న మూడు నెలలను ఆ కోవలో వేయకూడదు, ఎందుకంటే అది చికిత్స మొదలు కావడానికి ముందు కాలం కాదు, చికిత్సలో మొదటి సగం.

ఈ జబ్బులో ప్రాణం తీసేది చాలావరకు మూత్రాశయంలోని గడ్డ కాదు. దాన్ని సర్జన్‌గారు పూర్తిగా తీయగలరు. ఆ గడ్డ కండరంలోకి దిగిన నాటికే రక్తం ద్వారా, లింఫు నాళాల ద్వారా కొన్ని కణాలు ఊపిరితిత్తులకో ఎముకలకో కాలేయానికో చేరి ఉండవచ్చు. అవి ఏ స్కాన్‌కూ కనిపించనంత చిన్నవి. ఏ లోపమూ లేకుండా ఆపరేషన్ జరిగినవారిలో కూడా చాలామందికి ఏడాది రెండేళ్లలో జబ్బు మరోచోట తలెత్తడానికి కారణం ఇదే. పొగాకు చేను గురించి తెలిసిన మీ నాన్నగారికి దీన్ని పొగాకు మల్లె అనే కలుపు మొక్క పోలికతో చెప్పండి. అది నేల పైకి తల ఎత్తి కనిపించేసరికి చాలా రోజులుగా పొగాకు వేరు మీద పడి బతుకుతూ ఉంటుంది, కనిపించిన మొక్కను పీకినంత మాత్రాన మట్టిలో ఉన్నది పోదు. ఒళ్లంతా తిరిగే మందు మాత్రమే ఆ కనిపించని కణాలను చేరగలదు. అవి అతి తక్కువగా ఉన్న రోజు ఇవాళే గనుక ముందుగా ఇవ్వడంలో అర్థం ఉంది.

ఇది ఊహ కాదు, పరీక్షకు నిలిచిన మాట. అమెరికాలో 1987 నుంచి 1998 వరకు 317 మంది రోగులను చేర్చుకుని ఒక ప్రయోగం చేశారు. సగం మందికి నేరుగా ఆపరేషన్ చేశారు, మిగతా సగానికి నాలుగు మందులు కలిపిన కీమోను మూడు విడతలు ఇచ్చి ఆ తర్వాత ఆపరేషన్ చేశారు. 2003లో ఫలితాలు వెలువడ్డాయి. నేరుగా ఆపరేషన్ చేయించుకున్న వర్గంలో సగం మంది 46 నెలలకు మించి జీవించగా, ముందు కీమో తీసుకున్న వర్గంలో సగం మంది 77 నెలలకు మించి జీవించారు. తీసిన మూత్రాశయాన్ని మైక్రోస్కోపు కింద చూసినప్పుడు క్యాన్సర్ ఆనవాలే మిగలనివారు మొదటి వర్గంలో 15 శాతం, రెండో వర్గంలో 38 శాతం. అలా ఏమీ మిగలనివారిలో దాదాపు 85 శాతం మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉన్నారు. మీ బాబాయిగారికి ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటి ఇందులోనే ఉంది. కీమో వల్ల మనిషి నీరసించి ఆపరేషన్‌కు పనికిరాకుండా పోతాడని అప్పట్లో వైద్యులూ భయపడ్డారు. కానీ రెండు వర్గాల్లోనూ ఆపరేషన్ దాకా వచ్చినవారి శాతం ఇంచుమించు ఒకటే.

అయినా ఈ మేలును ఉన్నదానికన్నా పెద్దదిగా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి 11 ప్రయోగాలలోని 3,005 మంది వివరాలను కలిపి 2005లో లెక్క వేసినప్పుడు, ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 45 శాతం నుంచి 50 శాతానికి పెరిగారని తేలింది. అంటే వందమందిలో అదనంగా ఐదుగురు. ఆ ఐదుగురిలో మీ నాన్నగారు ఉంటారో లేదో ఎవరూ చెప్పలేరు. ఆపరేషన్‌తోనే నయమయ్యేవారూ ఉన్నారు, కీమో ఇచ్చినా జబ్బు తిరగబెట్టేవారూ ఉన్నారు. కానీ దశాబ్దాలుగా ఆపరేషన్ పద్ధతులు ఎంత మెరుగైనా, ఇంతటి మేలును నిలకడగా చూపిన అదనపు చికిత్సలు ఈ జబ్బులో చాలా తక్కువ. మా నాన్నగారికే ఈ పరిస్థితి వచ్చి, కిడ్నీలు అనుమతిస్తే, నేను ముందు కీమోనే ఎంచుకుంటాను.

‘అవసరమైతే తర్వాత చూసుకుందాం’ అన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. పరీక్ష రిపోర్టు చేతికి వచ్చాక అక్కర ఉన్నవారికే ఇవ్వవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కేమిటంటే ఆ ‘తర్వాత’ చాలామందికి రాదు. మూత్రాశయాన్ని తీయడమంటే దానితో పాటు చుట్టూ ఉన్న లింఫు గ్రంథులను, మగవారిలో ప్రోస్టేటు గ్రంథిని కూడా తీసి, చిన్నపేగులో ఒక ముక్కను కోసి మూత్రానికి కొత్త దారి కట్టడం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో, అంటే ఈ ఆపరేషన్‌లో ఎంతో అనుభవం ఉన్నచోట, 64 శాతం మందికి తొంభై రోజుల్లోపు చిన్నదో పెద్దదో ఏదో ఒక ఇబ్బంది వచ్చినట్టు నమోదైంది. చీము పట్టడం, పేగు కదలకపోవడం, మూత్రనాళం ఇరుకై కిడ్నీ దెబ్బతినడం వంటివి వచ్చినప్పుడు వారాలు గడిచిపోతాయి, సిస్‌ప్లాటిన్ ఇచ్చే అదను దాటిపోతుంది. అంతెందుకు, ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వడం ఎంత మేలో తేల్చడానికి యూరప్‌లో మొదలుపెట్టిన పెద్ద ప్రయోగం తగినంతమంది చేరక 284 మందితోనే ఆగిపోయింది. జబ్బు తిరగబెట్టడం ఆలస్యమైందని అందులో కనిపించింది గాని, ఆయుష్షు పెరిగిందని గట్టిగా రుజువు కాలేదు. ఏ కారణం చేతనో ముందు కీమో ఇవ్వలేకపోయి, ఆపరేషన్‌లో జబ్బు మూత్రాశయం గోడ దాటి కొవ్వులోకో లింఫు గ్రంథుల్లోకో వెళ్లినట్టు తేలితే, అప్పుడు తర్వాత ఇవ్వడం సమంజసమే. కానీ ముందు ఇవ్వగలిగిన మనిషికి దాన్ని కావాలని వెనక్కి నెట్టకూడదు.

ఇప్పుడు కిడ్నీ సంగతి. సిస్‌ప్లాటిన్ మూత్రాశయ క్యాన్సర్‌పై ఎంత బలంగా పనిచేస్తుందో, కిడ్నీపై అంత భారం మోపుతుంది. అందుకే క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి నిర్ణయించరు, కిడ్నీ నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నదో లెక్క కడతారు. 140లోంచి వయసు తీసేసి, మిగిలినదాన్ని బరువుతో హెచ్చవేసి, 72ను క్రియాటినిన్‌తో హెచ్చవేస్తే వచ్చే అంకెతో దాన్ని భాగిస్తారు. మీ నాన్నగారికి ఇది 77ను 62తో హెచ్చవేస్తే 4,774, దాన్ని 108తో భాగిస్తే దాదాపు 44 మిల్లీలీటర్లు. మామూలు మోతాదులో సిస్‌ప్లాటిన్ ఇవ్వడానికి 60 ఉండాలంటారు. 50కీ 60కీ మధ్య ఉంటే మోతాదును రెండు రోజులకు పంచి జాగ్రత్తగా ఇస్తారు. 44తో మొదలుపెట్టడం మంచిది కాదు. ‘1.5 కదా, కొంచెమే ఎక్కువ’ అని ఎవరైనా తేలిగ్గా తీసుకుంటే ఒప్పుకోకండి.

అయితే ఇందులోనే ఆశ కూడా ఉంది. కుడి కిడ్నీ వాచిందంటే, గడ్డ మూత్రనాళం ద్వారాన్ని నొక్కడం వల్లనో మూసేయడం వల్లనో మూత్రం కిందికి దిగక కిడ్నీలోనే నిలిచిపోతోందన్నమాట. అడ్డంకి మరీ పాతది కాకపోతే, మూత్రానికి దారి ఇస్తే కిడ్నీ కోలుకోగలదు. వీపు వైపు నుంచి చర్మం గుండా సన్నని గొట్టం వేసి మూత్రాన్ని బయటి సంచిలోకి మళ్లించడం ఒక పద్ధతి, లోపలి నుంచి స్టెంట్ వేయడం మరొకటి. మూత్రాశయంలో గడ్డ ఉన్నప్పుడు చాలామంది వైద్యులు వీపు గొట్టానికే మొగ్గు చూపుతారు. గొట్టం వేశాక ఒకటి రెండు వారాలు ఆగి క్రియాటినిన్ మళ్లీ చూస్తారు. అది 1.1కి దిగిందనుకోండి, అదే లెక్క ప్రకారం 60 మిల్లీలీటర్లు వస్తుంది. నిన్నటిదాకా సిస్‌ప్లాటిన్‌కు తగడన్న మనిషి తగినవాడవుతాడు. ఈ చిన్న పనిని వాయిదా వేసి, కిడ్నీ బాగాలేదు కాబట్టి కీమో కుదరదని తేల్చేసిన సందర్భాలను చూసి నేను చాలా బాధపడ్డాను. కాబట్టి ‘కిడ్నీకి గొట్టం ఎప్పుడు వేస్తారు?’ అన్నదే రేపు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న.

కిడ్నీని కాపాడే పని ఇంట్లో కూడా ఉంది. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు మందుల దుకాణంలో కొని వేసుకునే అలవాటు ఉంటే ఇవాళే మాన్పించండి. ఎవరో చెప్పారని భస్మాలు, పసర్లు తాగించకండి. అవి ఎంత మంచి మనసుతో ఇచ్చినవైనా, వాటిలో ఏముందో తెలియనప్పుడు ఈ మూడు నెలల్లో కిడ్నీ మీద ప్రయోగం చేసే వెసులుబాటు మనకు లేదు. షుగరు, బీపీ మందులు ఉంటే వాటి చీటీ కూడా క్యాన్సర్ వైద్యులకు చూపించండి.

కిడ్నీతో పాటు చెవులు, నరాలు, గుండె కూడా చూసుకోవాలి. వినికిడి ఇప్పటికే బాగా తగ్గిపోయినా, అరికాళ్లలో తిమ్మిర్లు ఎక్కువగా ఉన్నా, గుండె బలహీనంగా ఉన్నా సిస్‌ప్లాటిన్ మంచిది కాదు. దాని బదులు కార్బోప్లాటిన్ ఇస్తామంటే, ఆపరేషన్‌కు ముందు అది అంతే పని చేస్తుందన్న రుజువు లేదని మీరు తెలుసుకోవాలి. సిస్‌ప్లాటిన్ ఏ విధంగానూ కుదరకపోతే, కీమో పేరుతో కాలయాపన చేయకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్లడం మేలని చాలాకాలంగా చెబుతూ వచ్చాం. అలాంటివారికి ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే రెండు మందులను ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఇస్తే, ఆపరేషన్ ఒక్కటే చేసినవారికన్నా ఎంతో మెరుగైన ఫలితం వచ్చిందని 2025లో వెల్లడైంది. వాటి ఖర్చు మాత్రం సామాన్య కుటుంబానికి మోయలేనిది.

ఇక కీమో ఎలా జరుగుతుందంటే, ఇప్పుడు మన ఆసుపత్రుల్లో ఎక్కువగా జెమ్‌సైటబిన్, సిస్‌ప్లాటిన్ అనే రెండు మందులను కలిపి ఇస్తున్నారు. ఒక్కో విడత 21 రోజులు. మొదటి రోజు రెండు మందులూ, ఎనిమిదో రోజు జెమ్‌సైటబిన్ ఒక్కటే ఇస్తారు. నాలుగు విడతలకు పన్నెండు వారాలు పడుతుంది. సిస్‌ప్లాటిన్‌కు ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు. పూర్వం ఈ మందు పేరు చెబితే వాంతులే గుర్తొచ్చేవి, ఇప్పుడు వాటిని అదుపుచేసే మంచి మందులు ఉన్నాయి, అడిగి మరీ రాయించుకోండి. ఈ జతతో జుట్టు పూర్తిగా రాలిపోవడం అరుదు. కానీ తెల్లరక్తకణాలు తగ్గిన రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు, ఇది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే చూపించాలి. చెవుల్లో హోరు మొదలైతే తర్వాతి విడతకు ముందే చెప్పాలి.

రెండు విడతల తర్వాత స్కాన్ తీస్తారు. గడ్డ తగ్గుతుంటే మిగతా విడతలు ఇస్తారు. పెరుగుతుంటే కీమో ఆపేసి వెంటనే ఆపరేషన్‌కు వెళ్లాలి. మీ బాబాయిగారి భయానికి సరైన జవాబు ఈ స్కానే, అది తప్పకుండా జరిగేలా ఆయననే చూసుకోమనండి. ఇంకొక మాట: ఆపరేషన్ తేదీని కీమో ముగిశాక కాదు, మొదలుపెట్టిన రోజే సర్జన్‌గారితో మాట్లాడి పెట్టుకోండి. చివరి విడత అయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు ఆపరేషన్ జరగాలి. కీమో తర్వాత మూత్రంలో రక్తం ఆగిపోయి, తిండి సయించి, మనిషి కళకళలాడుతుంటే పంట పని అయ్యాక చూద్దామని, ఇంట్లో శుభకార్యం అయ్యాక చూద్దామని జరుపుతారు. కీమోతో వచ్చిన మేలు అక్కడే చేజారుతుంది.

బయాప్సీ రిపోర్టును కూడా ఒకసారి చూడమనండి. ఇప్పటిదాకా చెప్పినదంతా మూత్రాశయం లోపలి పొర నుంచి పుట్టే సాధారణ రకానికి వర్తిస్తుంది. పూర్తిగా స్క్వామస్ రకమో అడినో రకమో అయితే సాధారణంగా నేరుగా ఆపరేషనే చేస్తారు. చిన్నకణాల రకమైతే ముందు కీమో తప్పనిసరి, మందుల జత మాత్రం వేరు.

మీ అమ్మగారి ఆశకు జవాబు చెప్పడం నాకు కష్టమైన పని. కీమో తర్వాత స్కాన్‌లోనూ, గొట్టం పంపి చూసినప్పుడూ ఏమీ కనిపించకపోవచ్చు. అయినా అలా ఏమీ లేదనుకుని తీసిన మూత్రాశయాల్లో గణనీయమైన భాగంలో గోడ లోతున క్యాన్సర్ మిగిలి ఉన్నట్టు తేలుతోంది. పై 38 శాతం లెక్క మూత్రాశయాన్ని తీసి పరీక్షించాక తెలిసినదే గాని, ముందుగా తెలిసినది కాదు. ఎవరిలో నిజంగా ఏమీ మిగలలేదో ఆపరేషన్ లేకుండానే పసిగట్టడానికి పరిశోధనలు జరుగుతున్నాయి, కానీ ఇవాళ దాన్ని నమ్ముకుని మూత్రాశయాన్ని ఉంచేసుకోవడం క్షేమం కాదు. మూత్రాశయాన్ని కాపాడుకునే ప్రామాణికమైన దారి వేరే ఉంది. గడ్డను వీలైనంత పూర్తిగా గీకి తీసి, రేడియేషన్‌తో పాటు కీమో ఇచ్చి, ఆ తర్వాత క్రమం తప్పకుండా లోపల చూసుకుంటూ ఉండటం. తగిన రోగుల్లో దాని ఫలితాలు మంచివే. కానీ కిడ్నీ వాచినవారు సాధారణంగా దానికి తగిన రోగుల్లోకి రారు. కాబట్టి మీ నాన్నగారి విషయంలో ఆపరేషన్‌నే నేను సమర్థిస్తాను.

ఇమ్యునోథెరపీ గురించి, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే చికిత్స గురించి కూడా మీకు ఎవరైనా చెబుతారు. కీమోకు డుర్వాలుమాబ్ అనే అలాంటి మందును జతచేసి, ఆపరేషన్ తర్వాత కూడా కొనసాగించిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. 1,063 మంది పాల్గొన్న ఆ ప్రయోగంలో రెండేళ్లకు బతికి ఉన్నవారు కీమో మాత్రమే తీసుకున్నవారిలో సుమారు 75 శాతం, డుర్వాలుమాబ్ కూడా తీసుకున్నవారిలో సుమారు 82 శాతం. నిజమైన మేలే. అది కీమోకు బదులుగా కాదు, కీమోతో కలిపి ఇచ్చింది. కొనగలిగినవారు అడగవచ్చు. దాని కోసం పొలం అమ్మవలసిన కుటుంబానికి మాత్రం, కీమోనూ ఆపరేషన్‌నూ సకాలంలో సక్రమంగా పూర్తి చేయడం అంతకన్నా ముఖ్యమని నేను చెబుతాను. కీమోకు, ఆపరేషన్‌కు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేరకు వస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను ఇప్పుడే కలిసి కనుక్కోండి, అనుమతుల కాగితాలు చికిత్సకు ముందే సిద్ధంగా ఉండాలి.

చుట్ట మానేశారో లేదో మీరు రాయలేదు. పొగాకు పొగలోని విషపదార్థాలు రక్తంలో కలిసి, కిడ్నీల గుండా వడకట్టబడి, మూత్రంలో చేరి గంటల తరబడి మూత్రాశయంలో నిలవ ఉంటాయి. ఈ జబ్బుకు అన్నిటికన్నా పెద్ద కారణం అదే. ఇంత జరిగాక మానేసి ఏం లాభమని ఆయన అనవచ్చు. ఊపిరితిత్తులు తేరుకోవడానికీ, కోసిన పేగు సరిగ్గా అతుక్కోవడానికీ, కొత్త గడ్డలు పుట్టకుండా ఉండటానికీ ఈ మూడు నెలలూ పొగ లేకుండా గడపడం చాలా అవసరం. ఆ రోజుల్లోనే రోజూ కాస్త నడిపించండి, గుడ్డు, పప్పు, పెరుగు లోటు లేకుండా పెట్టండి.

చివరగా, ఈ నిర్ణయంలో మీరు, మీ బాబాయి, మీ అమ్మ అందరూ కనిపిస్తున్నారు గాని మీ నాన్నగారి మాట ఎక్కడా లేదు. జబ్బు పేరు ఆయనకు చెప్పారా? చెప్పకపోతే చెప్పండి. నాలుగు విడతల కీమో తట్టుకోవలసింది, పొట్ట మీద మూత్రం చేరే సంచితో బతకడం నేర్చుకోవలసింది ఆయనే. ఆ సంచి మాట వినగానే చాలామంది కుంగిపోతారు. కానీ దాన్ని పంచెకట్టు కింద పెట్టుకుని పొలం పనులకు వెళ్లేవారు ఉన్నారు. మీ సర్జన్‌గారి దగ్గర ఆపరేషన్ చేయించుకుని రెండు మూడేళ్లుగా అలా తిరుగుతున్న మనిషిని ఒకరిని చూపించమని అడగండి. కీమో జరిగే రోజుల్లోనే మీ నాన్నగారిని ఆయన పక్కన ఒక గంట కూర్చోనివ్వండి.